తెర పెద్దదైతే చాలునా?

గత సంవత్సరం వెలువడిన మన కళాశాల వార్షిక సంచిక ముఖచిత్రం చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. సంధ్యవేళ డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని పాదాల వద్ద నౌకాశ్రయ ప్రవేశమార్గం, ఆ మార్గంలో లోనికి వస్తున్న ఒక సరుకు ఓడ. ఇదీ ఆ చిత్రం. ఛాయాచిత్రం తీసిన విద్యార్థి ఎంత శ్రద్ధతో తీశాడో, దానిని సరిదిద్దిన మేము నలుగురమూ అంత శ్రద్ధతోనే కంప్యూటర్ ముందు రెండు రాత్రులు గడిపాము. తెరమీద ఆకాశం కాషాయవర్ణంతో మెరిసిపోయింది. సముద్రం నీలిపట్టు పరచినట్లున్నది. అచ్చయిన ప్రతి చేతికందగానే మా ముఖాలు వాడిపోయాయి. ఆకాశం ఇటుకపొడి రంగుకు తిరిగింది; సముద్రం సిరా ఒలికినట్లు నల్లబడింది; ఓడ ఆనవాలే లేదు. అందరమూ ముక్తకంఠంతో ముద్రాపకుని నిందించాము. ఆయన మాత్రం శాంతంగా, “బాబూ, మీరు పంపినదే నేను అచ్చువేశాను” అన్నాడు. అదే చిత్రాన్ని తన వద్ద రంగులు సరిచూసి ఉంచుకున్న తెరమీద తెరిచి చూపించాడు. అక్కడ కూడా సముద్రం నల్లగానే ఉన్నది. తప్పు అచ్చుయంత్రానిది కాదు, మేము నమ్మిన తెరది. ఇంకా నిజం చెప్పవలెనంటే, పరీక్షించకుండా ఆ తెరను నమ్మిన మాది.

ఈ సంవత్సరం కంప్యూటర్ గదికి కొత్త మానిటర్లు కొనే విషయం కళాశాల కమిటీ పరిశీలనలో ఉన్నదని తెలిసినప్పటి నుండి ఆ ముఖచిత్రం నా కళ్ళముందు మెదులుతూనే ఉన్నది. “ఈసారి పెద్దవి కొనండి” అని విద్యార్థులు కోరుతున్నారు. “గదిలో అడుగుపెట్టగానే తల్లిదండ్రులకు ఘనంగా కనిపించవలె” అని పెద్దలు తలుస్తున్నారు. రెండు కోరికలూ సహజమైనవే. కాని తెరను అంగుళాలతో కొలిచి కొనడం పుస్తకాన్ని బరువు తూచి కొనడం వంటిదని నా అభిప్రాయం. ఏ పనికి, ఎంత దూరం నుండి, ఎవరి కళ్ళకు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాతనే పరిమాణం మాట రావలెను.

ఈ పొరపాటు మనకు కొత్తది కాదు. 1982లో దూరదర్శన్ రంగుల ప్రసారాలు ప్రారంభించినప్పుడు మన పెద్దల ఇళ్ళలో జరిగినదేమిటో వారినే అడిగి చూడండి. రంగుల టెలివిజన్ కొన్నవారు రంగు మీటను చివరిదాకా త్రిప్పి ఉంచేవారు. వార్తలు చదివే వారి ముఖం బొప్పాయిపండులా కనిపించినా, “రంగంటే ఇదీ” అని మురిసిపోయేవారు. నేటి దుకాణాలలో మానిటర్లు వరుసగా నిలిపి చూపించే తీరు అందుకు భిన్నంగా లేదు. కాంతిని, రంగును హెచ్చించి, చిలుకలను, పూలతోటలను ఆడించి మనకు అరచేతిలో వైకుంఠం చూపిస్తారు. ఆ వైకుంఠాన్ని ఇంటికి తెచ్చుకుని పెళ్ళి ఫోటో తెరిస్తే పైన పటారం, లోన లొటారం అన్న సామెత బోధపడుతుంది.

మొదట చుక్కల లెక్క చూద్దాము. తెరమీది బొమ్మ అంతా పిక్సెల్ అనే చిన్న చుక్కల కూర్పు. సాధారణమైన ఫుల్ హెచ్.డి. తెరమీద అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం సుమారు 20.7 లక్షల చుక్కలు ఉంటాయి. 2560 × 1440 తెరలో సుమారు 36.9 లక్షలు. 4కె అనబడే 3840 × 2160 తెరలో సుమారు 82.9 లక్షలు, అనగా మొదటిదానికి సరిగా నాలుగు రెట్లు. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. తెర పెరిగినంత మాత్రాన చుక్కలు పెరగవు. ఉన్న చుక్కలే లావెక్కుతాయి. 24 అంగుళాల ఫుల్ హెచ్.డి. తెరమీద అంగుళానికి సుమారు 92 చుక్కలుంటే, అదే ఫుల్ హెచ్.డి. 32 అంగుళాల తెరమీద 69 మాత్రమే. డబ్బు ఎక్కువ పోసి తక్కువ స్పష్టత కొనుక్కోవడమంటే ఇదే. 27 అంగుళాలలో 2560 × 1440 అయితే అంగుళానికి 109, 4కె అయితే 163 చుక్కలు వస్తాయి.

ఎన్ని చుక్కలు చాలును? దీనికి కొలబద్ద మన కన్నే. ఆరోగ్యమైన కన్ను డిగ్రీలో అరవయ్యవ వంతు కోణం దాకా రెండు బిందువులను విడివిడిగా గుర్తిస్తుందని నేత్రవైద్యం చెబుతున్నది. మనం తెరకు 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటామనుకుంటే ఆ కోణం 0.17 మిల్లీమీటరుకు సమానం. అంగుళానికి 145 చుక్కలన్నమాట. 27 అంగుళాల 4కె తెర ఈ హద్దును దాటుతుంది. చుక్కలు కంటికి కనిపించవు, అక్షరం అచ్చువేసినట్లు నిలుస్తుంది. 32 అంగుళాల ఫుల్ హెచ్.డి. తెర ఆ హద్దుకు సగం దూరంలోనే ఆగిపోతుంది.

“ఇంత సూక్ష్మం మనకెందుకు?” అని కమిటీ పెద్దలు ప్రశ్నించవచ్చును. ఇతర కళాశాలల సంగతి ఎట్లున్నా, ఉర్దూ, తెలుగు రెండూ చదివే మన కళాశాలకు ఇది అక్షరాలా అక్షరాల సమస్య. ఉర్దూవారి నస్తాలీఖ్ లిపిలో మాట కుడి పైనుండి ఎడమ క్రిందికి ఏటవాలుగా జారుతుంది; అక్షరాలు ఒకదాని భుజంమీద ఒకటి కూర్చుంటాయి; వాటి భేదమంతా నుక్తాలనే చుక్కలలో ఉంటుంది. ఒక్క చుక్క చోటు మారితే ‘ఖుదా’ కాస్తా ‘జుదా’ అవుతుంది, దైవం వియోగమవుతుంది. ఒక్క చుక్క పైన చేరితే ‘దువా’ కాస్తా ‘దగా’ అవుతుంది, ప్రార్థన మోసమవుతుంది. తెలుగు మాత్రం తక్కువ తిన్నదా? అక్షరం కాలిక్రింద చిన్న గీత తేడాతో ‘దార’ ‘ధార’ అవుతుంది. ఇల్లాలు ఏరై పారుతుంది! ఇక వత్తులు, వాటి క్రింద మరొక వత్తు చేరితే ముతక చుక్కల తెరమీద అంతా నల్లని ముద్దగా మారుతుంది. మన సంచికలో ఉర్దూ పుటలు కుడినుండి, తెలుగు పుటలు ఎడమనుండి నడచి మధ్యలో కలుసుకుంటాయి. రెండువైపులా దొర్లిన అచ్చుతప్పులలో అజ్ఞానం వల్ల వచ్చినవి కొన్నే; కనబడక వచ్చినవి చాలా ఉన్నాయని ప్రూఫులు దిద్దినవారికి తెలుసు.

ఈ లిపుల కోసం మహనీయులు పడిన శ్రమ కూడా తలచుకోదగినది. నస్తాలీఖ్ సొగసు సీసపు అచ్చులకు లొంగకపోవడం చేత ఉర్దూ పత్రికలు దశాబ్దాల తరబడి కాతిబుల చేతివ్రాతమీదనే ఆధారపడ్డాయి. 1927లో మద్రాసులో ప్రారంభమైన ‘ది ముసల్మాన్’ దినపత్రిక ఇరవయ్యొకటో శతాబ్దంలో కూడా చేతివ్రాతతో వెలువడి లోకాన్ని ఆశ్చర్యపరచింది. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ వేలాది అక్షర సంపుటులను స్వయంగా వ్రాసి నూరీ నస్తాలీఖ్‌ను రూపొందించిన తరువాతనే ఆ లిపికి కంప్యూటర్ ద్వారం తెరుచుకున్నది. అంతటి కలంపోటును మనం అంగుళానికి 69 చుక్కలలోనికి దించితే అది పొదుపు కాదు, అపచారం.

ఇక ఛాయాచిత్రాల సంగతి. నేటి సామాన్యమైన కెమెరా సైతం ఒక్కొక్క చిత్రంలో 240 లక్షల పిక్సెళ్ళు నింపుతుంది. పాతనగరంలో రేవు ముఖద్వారానికి ఎదురుగా నిలిచిన మూడు కొండలను, వాటిమీది వేంకటేశ్వరాలయాన్ని, చర్చిని, దర్గాను ఒకే చిత్రంలో తీశారనుకుందాము. ఫుల్ హెచ్.డి. తెర ఆ చిత్రంలో పదోవంతుకన్న తక్కువ చుక్కలను మాత్రమే ఒకేసారి చూపగలదు. 4కె తెర మూడోవంతుకు పైగా చూపుతుంది. దర్గా మినారు అంచు పదునుగా ఉన్నదో, చెదిరి ఉన్నదో మాటిమాటికీ పెద్దదిచేసి చూడనక్కరలేకుండా తెలుస్తుంది.

అయితే చుక్కలకంటె ముఖ్యమైనది రంగు. ఉక్కునగరంలో నివసించే మనకు రంగు కేవలం అలంకారం కాదు, అది సమాచారం. కాలిన ఇనుము ముదురెరుపు నుండి నారింజకు, నారింజ నుండి పసుపుకు, పసుపు నుండి తెలుపుకు మారుతుంటే దాని వేడిని కంటితోనే అంచనా కట్టడం కమ్మరికొలిమి నాటినుండి వస్తున్న విద్య. రంగు తప్పితే అంచనా తప్పుతుంది. ఫోటో దిద్దేవాని విద్య కూడా అటువంటిదే. పెళ్ళికూతురి చీర కుంకుమ రంగా, దానిమ్మ రంగా అన్నది తెర నిజం చెబితేనే తెలుస్తుంది. నిఖానాటి ఎర్రని దుపట్టాలో జరీ అంచు, మడత, నీడ అన్నీ కలిసి ఒకే ఎర్రని మరకగా కనిపించినట్లయితే ఆ తెర పనికి తగినది కాదు.

రంగుకు కూడా కొలతలు ఉన్నాయి. 1996లో ప్రతిపాదితమైన ఎస్.ఆర్.జి.బి. అనే వర్ణపరిధి నేటికీ సామాన్య వ్యవహారానికి ప్రమాణం. అచ్చుపనికి అంతకంటె విశాలమైన అడోబి ఆర్.జి.బి., చలనచిత్రాలకు డి.సి.ఐ.-పి3 అనే పరిధులు ఉన్నాయి. మనం కొనే తెర కనీసం ఎస్.ఆర్.జి.బి.ని నూటికి నూరుపాళ్ళు చూపవలెను. అసలు రంగుకూ తెరమీది రంగుకూ గల తేడాను డెల్టా-ఇ అనే సంఖ్యతో సూచిస్తారు. అది రెండుకు లోబడి ఉంటే ఆ తేడాను సాధారణంగా కన్ను పట్టుకోలేదు. ఒక్కొక్క మూలవర్ణానికి 256 మెట్లున్న తెర 1.67 కోట్ల రంగులను, 1024 మెట్లున్న తెర 107 కోట్ల రంగులను చూపగలదు. మెట్లు తక్కువైతే ఋషికొండ దగ్గరి ఉదయాకాశం క్రమంగా వెలుగెక్కినట్లు కాక, చాళ్ళు దున్నినట్లు చారలు చారలుగా కనిపిస్తుంది. తెరలలో ఐ.పి.ఎస్. రకం ప్రక్కనుండి చూసినా రంగు మారదు కనుక నలుగురు చేరి చూసే కళాశాలకు అదే అనువైనది. వి.ఎ. రకంలో నలుపు చిక్కగా ఉంటుంది కాని ప్రక్కచూపులో రంగు వెలిసిపోతుంది. ఓలెడ్ తెర అందం చెప్పనలవి కానిది. అయితే గంటల తరబడి కదలని బొమ్మ నిలిపి ఉంచితే దాని చాయ శాశ్వతంగా నిలిచిపోయే ప్రమాదం ఉన్నది. రోజంతా ఒకే పట్టిక కనబడే ప్రయోగశాలకు అది తగదు.

మా ముఖచిత్రం నల్లబడటానికి అసలు కారణం కాంతి. దుకాణంలో పెట్టినట్లే ఆ తెర వెలుగును మేము పూర్తిగా హెచ్చించి ఉంచాము. కాగితానికి స్వయంగా వెలుగు లేదు; గదిలోని వెలుగునే అది తిరిగి ఇస్తుంది. అచ్చుకు పంపే చిత్రాన్ని దిద్దేటప్పుడు తెర వెలుగు చదరపు మీటరుకు 80 నుండి 120 కాండెలాల మధ్య ఉండవలెనని ఆ వృత్తిలోనివారు చెబుతారు. మేము అందుకు రెండు మూడు రెట్ల వెలుగులో చూసి, సముద్రం మరీ తెల్లగా ఉన్నదని భ్రమపడి, ఇంకా నల్లజేశాము. కళ్ళు చెదిరే దీపం ముందు కూర్చుని దీపం లేని ఇంటికి సున్నం వేసినట్లయింది.

ఇప్పుడు ఆటల మాట. ‘గేమింగ్’ అనగానే పెద్దల కనుబొమలు ముడిపడతాయి. ఆ సంకోచానికి కారణం లేకపోలేదు. పందెపుటాటల్లో మునిగి కుటుంబాలు గుల్ల అయిన ఉదంతాలు అందరికీ తెలుసు. కాని జూదం వేరు, ఆట వేరు. 2025 ఆగష్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం ప్రోత్సహించదగినదిగా గుర్తించింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో వాటికి పతకాలు కూడా ఇచ్చారు. అంతేగాక ఆటలను ఆడేవారికంటె తయారుచేసేవారికి ఉపాధి అవకాశం హెచ్చు. మన విద్యార్థి ఆ మార్గంలో అడుగు పెట్టవలెనంటే ఆట నడిచే తెర ఎట్టిదో అతనికి తెలియవలెను.

ఫోటోకు కావలసిన గుణం వేరు, ఆటకు కావలసిన గుణం వేరు. ఫోటో కదలదు, అక్కడ నిజాయితీ ముఖ్యం. ఆట కదులుతుంది, అక్కడ వేగం ముఖ్యం. సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే తెర ఒక్కొక్క బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు తీసుకుంటే, 144 సార్లు మార్చేది 6.9 మిల్లీసెకన్లు మాత్రమే తీసుకుంటుంది. అయితే ఆ బొమ్మలను అందించవలసినది కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు. 4కె తెరమీద సెకనుకు 60 బొమ్మలు నడపడానికి సుమారు 50 కోట్ల చుక్కలు గీయవలెను. 2560 × 1440 తెరమీద 144 బొమ్మలు నడపడానికి 53 కోట్లు చాలును. దాదాపు అదే శ్రమతో రెండు రెట్లకు పైగా వేగం లభిస్తుందన్నమాట. కనుక ఆటకోసం 4కె అని మంకుపట్టు పట్టే మిత్రులు ఈ లెక్కను ఒకసారి వేసి చూడవలెనని మనవి. పాత కంప్యూటర్‌కు కొత్త 4కె తెర తగిలించేవారికి మరొక హెచ్చరిక. హెచ్.డి.ఎం.ఐ. 1.4 తీగద్వారం 4కె బొమ్మను సెకనుకు 30 సార్లు మాత్రమే పంపగలదు. పూర్తి 60కి 2.0, 120కి 2.1 అవసరం. ఎడ్లను చూడకుండా బండి కొనరాదు.

మన ఊరి వాతావరణాన్ని కూడా మరువరాదు. ఉప్పుగాలి, ఉక్కపోత ఈ రేవుపట్టణానికి పుట్టుకతో వచ్చినవి. తెరలు కిటికీలకు ఎదురుగా కాక, వాటికి లంబంగా ఉంచవలెను. మెరిసే అద్దపు తెరకన్న కాంతిని చెదరగొట్టే మ్యాట్ తెర మేలు. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను అనుభవం ఉన్న నగరంలో విద్యుత్ హెచ్చుతగ్గుల నుండి కాపాడే యు.పి.ఎస్. లేకుండా విలువైన తెరలు పెట్టడం సాహసమే. ఇక కళ్ళ విషయంలో విద్యార్థులదే బాధ్యత. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడవలెనని వైద్యులు చెప్పే నియమం పాటించడానికి ఖర్చేమీ లేదు.

ఇన్ని విషయాలు చెప్పినందుకు నా సూచనను కూడా స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. అన్ని బల్లలమీద ఒకే రకం భారీ తెరలు పెట్టవద్దు. పాఠాలకు, లెక్కలకు, కార్యక్రమ రచనకు 24 అంగుళాల ఫుల్ హెచ్.డి. ఐ.పి.ఎస్. తెరలు నిశ్చింతగా సరిపోతాయి. అలా మిగిలిన సొమ్ముతో రంగు నిజాయితీగా చూపే 27 అంగుళాల 4కె తెరలు రెండు కొని, ఒకటి ఉర్దూ పుటలకు, ఒకటి తెలుగు పుటలకు, రెండూ ఛాయాచిత్ర విద్యకు కేటాయించాలి. రంగులు కొలిచే పరికరం ఒకటి కొంటే నెలకొకసారి అన్ని తెరలనూ సరిచూసుకోవచ్చును. ఆటల రూపకల్పన నేర్చేవారికి 27 అంగుళాల 2560 × 1440, 144 హెర్ట్జ్ తెర ఒకటి చాలును. ఒకే ఒక్క మంచి తెరకు మాత్రమే సొమ్ము ఉంటే ఈ చివరి రకంలోనే ఎస్.ఆర్.జి.బి. పూర్తిగా చూపేదానిని ఎన్నుకోవడం మధ్యేమార్గం. 32 అంగుళాలు మించిన మానిటర్లపై 28 శాతంగా ఉండిన జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 18 శాతానికి దిగింది. చిన్నవాటిపై అంతకుముందే 18 శాతం. కనుక పన్ను తగ్గిందని పెద్దవాటివైపు మొగ్గవలసిన పని లేదు. పిండికొద్దీ రొట్టె, అవసరం కొద్దీ తెర.

చివరిగా ఒక్కమాట. మన కళాశాలకు వచ్చే విద్యార్థులలో ఎందరి ఇళ్ళలోనో సెల్‌ఫోన్ తప్ప వేరే తెర లేదు. సాయంవేళల్లో స్టూడియోలలో పెళ్ళి ఆల్బములు కూర్చి తమ్ముళ్ళ, చెల్లెళ్ళ ఫీజులు కట్టే మిత్రులు మనలోనే ఉన్నారు. వారు దిద్దిన ఆల్బము నల్లబడి తిరిగివస్తే ఆ నష్టం వారి కూలిలోనే కోతపడుతుంది. అట్టివారు నిజమైన రంగును మొదటిసారి చూడగలిగే చోటు ఈ కళాశాలే కావలెను. తల్లిదండ్రులకు ఘనంగా కనిపించడం కన్న, వారి పిల్లలకు స్పష్టంగా కనిపించడం మిన్న కదా! కమిటీ పెద్దలు ఈ మనవిని సహృదయంతో ఆలకించి, రాబోయే సంచిక ముఖచిత్రంపై మన సముద్రానికి దాని నీలిమను తిరిగి ఇప్పిస్తారని ఆశిస్తున్నాను.